కాలనీ పార్కులో పిట్టలకూ సీతాకోకచిలుకలకూ చోటివ్వాలంటే ముందు మాలితో మాట్లాడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. వనస్థలిపురం వైపు మీ కాలనీలో సుమారు 1,200 గజాల పార్కు ఉంది. మధ్యలో లాన్, చుట్టూ నడకదారి, గోడ వెంట కోనోకార్పస్ చెట్ల వరుస, ఓ మూల పిల్లల ఉయ్యాలలు. వేసవిలో ట్యాంకర్లు తెప్పించి పోసినా లాన్ ఎండిపోతోంది. పది కుటుంబాలు కలిసి దీన్ని పక్షులకూ సీతాకోకచిలుకలకూ పనికొచ్చేలా మార్చాలనుకుంటున్నారు. మిగతావాళ్లు పాములొస్తాయి, దోమలొస్తాయి అని వద్దంటున్నారు. ఒకాయన మాత్రం మియావాకీ అడవి (మొక్కల్ని ఒత్తుగా నాటి త్వరగా లేపే అడవి) వేయిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటానంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం నాటాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఈ ఏడాది మొక్కలేవీ కొనకండి. పార్కులో మూడో వంతు, అంటే నాలుగు వందల గజాలు, గోడ వెంట ఒకే పట్టీగా ఎంచుకోండి. ఆ పట్టీలో గడ్డి కోయడం, ఆకులు ఊడ్చడం, పురుగుమందు కొట్టడం ఈ వానాకాలమంతా ఆపించండి. మిగతా రెండు వంతులూ ఇప్పుడున్నట్టే శుభ్రంగా ఉంచండి. దీపావళి దాటాక ఆ పట్టీలో ఏం మొలిచిందో, ఏమేం వచ్చి వాలాయో చూసి అప్పుడు నాటే సంగతి తేల్చుకోండి. మియావాకీ వద్దు. పాముల భయం, దోమల భయం రెండూ న్యాయమైనవే. వాటి సంగతి కింద వివరంగా రాస్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అప్పటి నుంచి హైదరాబాద్‌లో కాలనీ సంఘాలవాళ్లు, అపార్ట్‌మెంట్లవాళ్లు పిలిస్తే వెళ్లి వాళ్ల ఖాళీ స్థలాలు చూసి సలహా చెబుతుంటాను. డబ్బు తీసుకోను. అందుకని మొహమాటం లేకుండా మాట్లాడే వెసులుబాటు ఉంది.

అసలు పని మాలి దగ్గర ఉంది

నన్ను పిలిచిన చాలా చోట్ల మొదట అడిగేది మొక్కల జాబితా. నేను మొదట అడిగేది మాలి ఎవరు, ఆయనకు ఎవరు పని చెబుతారు అని. ఎందుకంటే పార్కులో రోజూ చెయ్యి పెట్టేది ఆయనొక్కడే. ఆయన పని ఎలా కొలుస్తారో ఆలోచించండి. నేల మీద ఆకు కనిపిస్తే సెక్రటరీగారు కేకలేస్తారు. ఆకులకు చిల్లులు కనిపిస్తే నడకకొచ్చిన పెద్దాయన మందు కొట్టలేదా అంటారు. పాపం, ఆయన ఊడుస్తాడు, కాలుస్తాడు, కత్తిరిస్తాడు, మందు కొడతాడు. మీరు వంద రకాల మొక్కలు తెచ్చి నాటినా ఈ నాలుగు పనులూ ఆగకపోతే ఒక్క గొంగళిపురుగు కూడా రెక్కలు తొడగదు.

కూకట్‌పల్లి వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో ఈశ్వరి తీగ కోసం ఊళ్లు తిరిగారు. ఎర్ర ఒళ్లు, నల్ల రెక్కలు ఉండే క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుక ఆ జాతి తీగల మీద తప్ప గుడ్లు పెట్టదు. తీగ పాకింది, గుడ్లు పడ్డాయి, పురుగులు వచ్చాయి. అంతలో మాలి మారాడు. కొత్తాయన వారం తిరక్కుండా ఆ తీగను కలుపు అని పీకి చెత్త బండిలో వేశాడు. ఆయన తప్పేముంది? ఎవరూ చెప్పలేదు.

కాబట్టి సంఘం తరఫున ఒక కాగితం రాయించండి. ఏ పట్టీ, ఏం చేయాలి, ఏం చేయకూడదు, సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. దాన్ని వాచ్‌మన్ గదిలో అతికించండి. పని తగ్గిందని జీతం తగ్గించకండి, అక్కడే చాలా ప్రయత్నాలు చెడిపోతాయి. ఆకులు కాల్చే బదులు గుంటలో వేసి ఎరువు చేయడం, వయ్యారిభామ పీకడం, నీటి పళ్లేలు కడగడం లాంటి పనులు అప్పజెప్పండి. ఇంకో మాట: మన మాలీలు చాలామంది పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. గునుగు ఏది, తుమ్మి ఏది, ఉత్తరేణి ఏది అన్నది మనకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను వెళ్లినప్పుడు సంఘం పెద్దల కంటే ముందు మాలితో ఒక చుట్టు తిరుగుతాను. సగం పాఠం అక్కడే అయిపోతుంది.

నేలలో ఉన్నది ముందు మొలవనివ్వండి

మీ వైపు ఎర్ర నేల, కింద గ్రానైట్ రాయి. ఏడాదికి వాన 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపే. ఈ నేలలో ఏళ్ల తరబడి విత్తనాలు నిద్రపోతుంటాయి. లాన్ కింద కూడా ఉంటాయి. మృగశిర కార్తెలో వాన పడి, కోత ఆగితే, నెల తిరిగేసరికి గరిక, తుమ్మి, గడ్డిచేమంతి, పల్లేరు, నేల ఉసిరి లేస్తాయి. ఆ తర్వాత గునుగు. గడ్డిచేమంతి మన దేశపు మొక్క కాదు, అమెరికా నుంచి వచ్చింది. అయినా దాని పూలమీద వాలినన్ని చిన్న సీతాకోకచిలుకలు ఖరీదైన నర్సరీ పూల మీద వాలవు. తుమ్మి కూడా అంతే.

నేల ఎంత కదలకుండా ఉందో చెప్పే ఆనవాలు ఒకటుంది. తొలి వానలకు ఆరుద్ర పురుగులు బయటికొస్తాయా చూడండి. ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఉండే ఆ పురుగులు చిన్నప్పుడు మిడతల్లాంటి కీటకాలను పట్టుకుని బతుకుతాయి, పెద్దయ్యాక ఇతర పురుగుల గుడ్లు తింటాయి. తవ్వి, మందు చల్లి, పైన లాన్ పరిచిన నేలలో అవి కనబడవు. ఎక్కడైనా నాలుగు కనిపిస్తే ఆ చోటును ముట్టుకోకండి.

ఊరికే వదిలేస్తే అన్నీ మంచివే వస్తాయనుకోవద్దు. వయ్యారిభామ తప్పకుండా వస్తుంది. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో పీకాలి. కొంతమందికి దాని వల్ల ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వస్తాయి. సర్కారు తుమ్మ, సుబాబుల్ మొలకలు కూడా చిన్నప్పుడే తీసేయాలి. ఏడాది దాటితే గడ్డపార కావాలి.

ఈ కోయని పట్టీ మీద కాలనీవాళ్లు మొహం చిట్లిస్తారు, ముఖ్యంగా ఆగస్టులో, గడ్డి మోకాలెత్తు పెరిగినప్పుడు. నాగోలు వైపు ఒక కాలనీలో గొడవ పెద్దదై, మీటింగ్ పెట్టి కోయించేద్దామనుకున్నారు. పెత్రమావాస్య దగ్గరికొచ్చేసరికి ఆ పట్టీ అంతా తెల్లగా గునుగు. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసం ఏటా ఎల్‌బీ నగర్‌లో కట్టలు కొనుక్కునే ఇల్లాళ్లు ఆసారి పార్కులో కోసుకున్నారు. ఆ తర్వాత కోయిద్దామన్న మాట అక్కడ మళ్లీ లేవలేదు. వచ్చే ఏడు తంగేడు కూడా వేయండని ఆడవాళ్లే సంఘానికి చెప్పారు. జీవవైవిధ్యం గురించి నేనిచ్చిన ఉపన్యాసం కన్నా ఇదే పనిచేసింది. మీ దగ్గర కూడా బతుకమ్మ ఆడే చోటు ఆ పార్కే అయితే, పట్టీని ఆ ఆటస్థలానికి అడ్డు రాకుండా గీసుకోండి.

పురుగు లేకుండా పిట్ట రాదు

చాలామందికి మింగుడుపడని సంగతి ఇది. పిట్టలు కావాలంటారు, పురుగులు వద్దంటారు. పిచ్చుక గింజలు తినే పిట్టే, కానీ పిల్లలకు మొదటి రోజుల్లో మేపేది పురుగులనే. తేనెపిట్ట పూల తేనె తాగుతుంది, గూట్లో పిల్లలకు మాత్రం సాలీళ్లనూ చిన్న పురుగులనూ తెచ్చి పెడుతుంది. దర్జీపిట్ట సంగతి సరేసరి. పార్కులో నెలకోసారి మందు కొట్టిస్తూ గోడలకు పిచ్చుక గూళ్లు తగిలించిన సంఘాలను చూశాను. గూళ్లు ఖాళీగానే ఉన్నాయి.

సీతాకోకచిలుకల విషయంలో రెండు అవసరాలున్నాయి. పెద్దదానికి తేనె, పిల్లపురుగుకు ఆకు. తేనె ఎక్కడైనా తాగుతుంది. ఆకు దగ్గర మాత్రం పట్టింపు ఎక్కువ. ఒక్కో జాతికి కొన్ని రకాల మొక్కలే. ఒక చోట సీతాకోకచిలుకల వనం అని పెద్ద బోర్డు పెట్టి, నర్సరీ నుంచి రంగురంగుల లాంటానాలు, పెంటాస్‌లు తెచ్చి నింపారు. రోజూ పది గంటలకు అవి వచ్చి తాగి వెళ్లేవి. ఒక్క గుడ్డూ పడలేదు. అది హోటలే గానీ ఇల్లు కాలేదు.

మీ పట్టీకి పనికొచ్చేవి, సులువుగా దొరికేవి చెబుతాను. కరివేపాకు, నిమ్మ పెడితే లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ వస్తాయి. వాటి పిల్లపురుగులు మొదట్లో పిట్ట రెట్టలా కనిపిస్తాయి, తర్వాత పచ్చబడతాయి; మూడు నాలుగు వారాల్లో గుడ్డు నుంచి రెక్కలదాకా పిల్లలకు చూపించవచ్చు. జిల్లేడు ఉంటే ప్లెయిన్ టైగర్. రేల, తంగేడు ఉంటే లేత పసుపు ఎమిగ్రెంట్‌లు. ఆముదం మీద కామన్ క్యాస్టర్. కాలనీల్లో గోడ వెంట పొడుగ్గా పెంచే అశోక, అదే నరమామిడి, మీ దగ్గర ఇప్పటికే ఉంటే కొట్టేయకండి. ఆకుపచ్చ మచ్చల టెయిల్డ్ జే పిల్లలు పెరిగేది దాని లేత ఆకుల మీదే. ఆరుదొండ దొరికితే గోడ మూలన పాకించండి, ముళ్లుంటాయి కాబట్టి దారికి దూరంగా. అది పయనీర్ తెల్లసీతాకోకచిలుకకు ఇల్లు.

పొదల్లో బలుసు, కలివె, వావిలి, గోరింట, పరికి పెట్టండి. చిన్న పిట్టలు గూడు కట్టేది ఇలాంటి చిక్కటి, ముళ్లున్న పొదల్లోనే, పిల్లి చేరలేదు కాబట్టి. చెట్లలో కానుగ, వేప, నేరేడు, నక్కెర సరిపోతాయి. ఈ స్థలానికి నాలుగైదు చెట్లకు మించి వద్దు. మోదుగ పెడితే వేసవి మొదట్లో ఆకులన్నీ రాలి పూలు నిండినప్పుడు తేనెపిట్టలు, గోరువంకలు దాన్ని వదలవు. కానీ నిదానంగా పెరుగుతుంది, ఓపిక ఉండాలి.

మర్రి, రావి, మేడి, జువ్వి జాతులు పిట్టలకు అన్నిటికన్నా పెద్ద విందు. కోకిల, బుల్‌బుల్, కంసాలిపిట్ట, గోరువంక అన్నీ ఒక్క చెట్టు మీదే కనిపిస్తాయి. అయినా 1,200 గజాల పార్కులో నేను చెప్పను. వేళ్లు గోడనీ, డ్రైనేజీనీ వెతుక్కుంటూ వెళ్తాయి. పండ్లు రాలితే కింద కార్లు పెట్టుకునేవాళ్లతో రోజూ పంచాయితీ. పిట్టలు వేసిన విత్తనం ఇళ్ల గోడల పగుళ్లలో మొలుస్తుంది. కాలనీలో ఎక్కడైనా పాత రావి ఉంటే దాన్ని కాపాడుకోండి, కొత్తది ఇక్కడ వేయకండి. పండ్ల కోసం సింగపూర్ చెర్రీ ఒక్కటి చాలు. పరాయి చెట్టే అయినా త్వరగా కాస్తుంది, పిట్టలూ పిల్లలూ పోటీ పడి తింటారు. స్వదేశీ మొక్కలే ఉండాలన్న పట్టుదల నాకు లేదు.

రెండు హెచ్చరికలు. వానాకాలంలో రేల చెట్టును ఎమిగ్రెంట్ పురుగులు కొమ్మలకు కొమ్మలు నాకేస్తాయి. చెట్టు చచ్చిపోతోందని వాట్సాప్‌లో ఫొటోలు మొదలవుతాయి. ఏమీ కాదు, కొద్ది వారాల్లో మళ్లీ చిగురుస్తుంది. ముందే చెప్పి ఉంచండి. రెండోది నిజమైన ఇబ్బంది: మునగ చెట్టుకు బొంతపురుగులు పడతాయి, ఆ నూగు తగిలితే దురద, దద్దుర్లు. మునగను పార్కులో పెట్టకండి, ఉయ్యాలల దగ్గర అసలు వద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఆముదం గింజలు విషం. ఆ రెండూ పిల్లల చేతికి అందని వెనక వరుసలో ఉండాలి, లేదా మొదటి ఏడు వదిలేయండి.

మియావాకీ ఎందుకు వద్దంటున్నాను

అకిరా మియావాకీ జపాన్ వృక్షశాస్త్రవేత్త, 2021లో చనిపోయారు. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు ఒత్తుగా నాటి, రెండు మూడేళ్లు నీళ్లు పోసి, త్వరగా అడవిని లేపడం ఆయన పద్ధతి. వానలు బాగా పడి, సహజంగానే చిక్కటి అడవి ఉండే చోట్ల అది అర్థవంతం.

మీకు మీ నేల సహజంగా ఎలా ఉంటుందో చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది, నిజాం కాలపు వేటస్థలం, పద్నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. ఒక ఆదివారం పొద్దున పది కుటుంబాలూ వెళ్లి నడవండి. కృష్ణజింకలు అక్కడ ఉన్నది గడ్డి ఉండబట్టి. విడివిడిగా చెట్లు, మధ్యలో పొదలు, వాటి మధ్య ఎండ పడే గడ్డి. దక్కను నేల అంటే ఇదే. ఇక్కడి సీతాకోకచిలుకలు, మునియా పిట్టలు, తొండలు ఎండకు అలవాటుపడ్డ ప్రాణులు. వాటి కోసమని మీరు చదరపు మీటరుకు నాలుగు మొక్కలు గుచ్చితే మూడేళ్లకు లోపల చీకటి. గడ్డి పోతుంది, పూల పొదలు పోతాయి. మీ సమస్య ట్యాంకర్ల ఖర్చు అన్నారు, మొదటి రెండు వేసవులూ దానికి లాన్ కంటే తక్కువేం పట్టదు. పైగా లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడని గుబురు కాలనీ మధ్యలో ఉంటే, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఆ పక్కకు రారు. ఈ అభ్యంతరం సంఘాల్లో ప్రతిచోటా వచ్చింది, న్యాయమైనదే.

డబ్బు ఇస్తానన్న ఆయన్ని నొప్పించకండి. ఆయన డబ్బుతో మాలికి రెండేళ్ల జీతం పెంపు, ఒక ఎరువు గుంట, బోరు నీటికి డ్రిప్ పైపు పెట్టించండి. ఫలకం మీద పేరు వేయండి. ఆయనకూ తృప్తి, పార్కుకూ మేలు.

కోనోకార్పస్ సంగతి

గుజరాత్ 2023లో దీన్ని నిషేధించింది, తెలంగాణలోనూ ప్రభుత్వ నాటింపుల్లో ఆపేశారు. మన పురుగులకు దాని ఆకు పనికిరాదు, కాబట్టి అంత పచ్చగా ఉన్నా లోపల జీవం తక్కువ. అలాగని ఒక్కరోజులో వరుస మొత్తం నరికించకండి. ఒకటి, చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. రెండు, ఇప్పుడు పార్కులో నీడ, చాటు అదే. బుల్‌బుల్ గూళ్లు కూడా అందులోనే ఉండొచ్చు. అనుమతి వచ్చాక మూడో వంతు తీసి ఆ చోట కానుగ, నేరేడు పెట్టండి. అవి మనిషెత్తు దాటాక ఇంకో మూడో వంతు. గూళ్లు ఎక్కువగా ఉండే వేసవి, వానాకాలం నెలల్లో కొట్టకుండా చలికాలంలో చేయించండి.

పాములు

వస్తాయా అంటే, మీ ప్రాంతంలో ఇప్పటికే ఉన్నాయి. హరిణ వనస్థలి పక్కన, బండరాళ్ల మధ్య కట్టిన కాలనీ మీది. ఎక్కువగా కనిపించేది జెర్రిపోతు, విషం లేనిది, ఎలుకల్ని తినేది. నాగుపాము కూడా ఉంటుంది. కట్లపాము, రక్తపింజర ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. కాబట్టి ఏమీ రావు అని సంఘంలో మాట ఇవ్వకండి. తర్వాత ఒక్క జెర్రిపోతు కనిపించినా మీ పని అయిపోయినట్టే.

పాము ఎలుక కోసం వస్తుంది, ఎలుక చెత్త కోసం వస్తుంది. పార్కు గోడ బయట చెత్త కుప్ప, వీధికుక్కలకు పెట్టి వదిలేసిన అన్నం, పావురాలకు చల్లిన గింజలు: ముందు ఇవి ఆగాలి. పట్టీకీ నడకదారికీ మధ్య కనీసం నాలుగడుగులు గడ్డి పొట్టిగా కత్తిరించి ఉంచండి, నేల కనబడాలి. ఉయ్యాలల వైపు పట్టీ అసలు వద్దు, ఎదురు మూలన ఉండాలి. రాళ్ల కుప్ప పెడితే తొండలకూ నలికిరులకూ మంచిదే, కానీ దాన్ని దూరపు మూలన, ఎండ తగిలే చోట పెట్టి పిల్లలకు హద్దు చెప్పండి. దారి పొడవునా దీపాలు పనిచేయాలి. వెలుగు కిందికి పడేలా, పసుపు రంగు బల్బులు పెట్టి, పట్టీ లోపలికి మాత్రం వెలుగు వెళ్లకుండా చూడండి. పైడికంటి గుడ్లగూబ చేరిందంటే ఎలుకల సంగతి అదీ చూసుకుంటుంది.

పాము కనిపిస్తే దూరం నుంచి ఒక మనిషి కన్ను వేసి ఉంచాలి, ఇంకొకరు పాముల్ని పట్టుకెళ్లే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో అటవీశాఖకో ఫోన్ చేయాలి. కర్ర తీసుకోవద్దు, చంపబోయినప్పుడే కాట్లు పడతాయి, చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకుండా, ఆ కాలో చెయ్యో కదలనివ్వకుండా నేరుగా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి. ఈ మూడు వాక్యాలూ వాచ్‌మన్ గదిలో ఉండాలి.

దోమలు

డెంగీ దోమ పుట్టేది పొదల్లో కాదు, నిలిచిన శుభ్రమైన నీళ్లలో. గుడ్డు నుంచి దోమ వరకు వారం పది రోజులు చాలు. కాలనీలో వెతకండి: కూలర్లు, ఏసీ నీళ్ల బకెట్లు, పూలకుండీల కింది పళ్లేలు, డాబా మీద పాత టైర్లు. పార్కు పట్టీ మీద వేలు పెట్టే ముందు ఇళ్ల సంగతి చూసుకోవాలని సంఘంలో మెత్తగానే చెప్పండి.

కుంట తవ్వడం ఈ స్థలంలో వద్దు. వెడల్పాటి మట్టి మూకుళ్లు రెండు చాలు, లోతు రెండంగుళాలు, మధ్యలో ఒక గరుకు రాయి పెడితే తేనెటీగలు మునగకుండా తాగుతాయి. నీళ్లు రోజూ మార్చాలి. వారానికోసారి పీచుతో తోమాలి. దోమ గుడ్లు అంచుకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, ఊరికే ఒంపేస్తే పోవు. పొగ బండి అడగకండి. అది ఎగిరే దోమల్ని కొన్నింటిని చంపుతుంది, తూనీగల్నీ తేనెటీగల్నీ కూడా చంపుతుంది, నీళ్లలోని దోమ పిల్లపురుగుల్ని ఏమీ చేయదు.

గింజలు చల్లే అలవాటు గురించి ఒక్క మాట. పుణ్యమని చల్లుతారు, నేను కాదనలేను. కానీ అవి పావురాలకూ ఎలుకలకూ పోతాయి. పావురాలు గుంపు కడితే పిచ్చుకలు పక్కకు తప్పుకుంటాయి, ఆ రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లు పెట్టండి, గింజలు గడ్డే ఇస్తుంది. కోయని గరిక, బోదగడ్డి గింజల కోసం మునియాలు గుంపులుగా దిగుతాయి.

కాగితాలు

లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలం మామూలుగా మున్సిపాలిటీకి దఖలుపడి ఉంటుంది. మీరు నిర్వహిస్తున్నా స్థలం మీది కాదు. ఉద్యానవన విభాగానికి ఒక ఉత్తరం రాసి, ఏ పట్టీలో ఏం చేస్తున్నారో గీసి చూపి, రసీదు తీసుకోండి. అంతకంటే ముందు సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం ఉండాలి, ఒక ఏడాదికి మాత్రమే అని రాయండి. శాశ్వతం అంటే అందరూ అడ్డుపడతారు, ఏడాది ప్రయోగం అంటే చాలామంది సరేనంటారు.

అధికారులు మొక్కల సంఖ్య అడుగుతారు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. అప్పటి నుంచి లెక్క చెప్పగలిగేదే పచ్చదనం అన్న ధోరణి వచ్చింది. కోయని గడ్డికి లెక్క లేదు, తుమ్మి పూలకు లెక్క లేదు. కాబట్టి మీరే ఒక లెక్క తయారుచేసి ఇవ్వండి. మొక్కల్నీ పురుగుల్నీ ఫొటోలతో నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో పిల్లలతో ఫొటోలు పెట్టించండి, పక్షులను నమోదు చేయడానికి ఈబర్డ్ యాప్ ఉంది, ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు రోజుల్లో మీ పార్కులో కూడా లెక్కపెట్టండి. హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ లాంటి బృందాల నడకలకు ఒకసారి వెళ్తే పిట్టల్ని గుర్తుపట్టడం నేర్పేవాళ్లు దొరుకుతారు. అమీన్‌పూర్ చెరువు చుట్టూ ఎన్ని ఇళ్లు లేచాయో మీకు తెలుసు, అయినా 2016లో అది జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. అక్కడ ఏ పిట్టలున్నాయో ఏళ్ల తరబడి చూసి రాసిపెట్టినవాళ్లు లేకపోతే ఆ గుర్తింపు అడగడానికే ఆధారం ఉండేది కాదు.

బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు మీద కైకొండ్రహళ్లి చెరువు ఇలాంటి పనుల్లో నాకు నచ్చింది. ఎండి చెత్తకుప్పగా మారిన చెరువును 2009 నుంచి చుట్టుపక్కల నివాసులు నగరపాలక సంస్థతో కలిసి బాగు చేయించారు. తర్వాత కూడా వదిలిపెట్టకుండా ట్రస్టు పెట్టుకుని చూసుకున్నారు. మొక్కలు నాటిన రోజు ఫొటోలో చాలామంది ఉంటారు, మూడో ఏడు జీతాలకు చందా వసూలు చేసేవాళ్లే తక్కువ. మీ పది కుటుంబాల్లో ఆ పని ఎవరిదో ఇప్పుడే పేరు రాసుకోండి.

వద్దనే పొరుగువాళ్లతో

పట్టీకి ముందు వైపు అంచు కచ్చితంగా ఉండాలి. రాళ్లు వరసగా పేర్చండి, లేదా గోరింటను నడుమెత్తు కత్తిరించి కంచెగా పెంచండి. లోపల ఎంత గుబురుగా ఉన్నా అంచు నున్నగా ఉంటే ఇది ఎవరో చూసుకుంటున్న చోటు అని తెలుస్తుంది. అంచు లేకపోతే పాడుబడ్డ స్థలం అనుకుని చెత్త కవర్లు విసురుతారు. నాలుగు వరుసల బోర్డు పెట్టండి, తెలుగులో, బొమ్మలతో. బోర్డు మీద నీతులు వద్దు. ఇక్కడ ఏయే సీతాకోకచిలుకలు పుడుతున్నాయో రాస్తే చాలు.

ఎవరైనా గట్టిగా వ్యతిరేకిస్తే వాళ్ల ఇంటి ఎదుటి భాగాన్ని పట్టీలో కలపకండి. స్థలం కొంచెం తగ్గినా నష్టం లేదు. పిల్లుల్ని పెంచేవాళ్లకు చెప్పడం కష్టమే, అయినా వేసవిలో గూళ్ల కాలంలో తెల్లవారుజామున బయటికి వదలొద్దని అడిగి చూడండి. ఒప్పుకున్నవాళ్లు నాకు తక్కువే తారసపడ్డారు.

మీరు జవాబిచ్చేటప్పుడు మూడు సంగతులు రాయండి: పార్కులో బోరు ఉందా, గోడ ఏ దిక్కున ఉంది, లాన్ కింద ఎర్ర మట్టి వేశారా లేక కట్టడాల శిథిలాలు నింపారా. శిథిలాలైతే నేను చెప్పిన పొదల్లో సగం నిలబడవు, అక్కడ తంగేడు, గరిక, వేపతో మొదలుపెట్టాలి. తంగేడు నర్సరీ మొక్క కంటే గింజ వేసుకోవడమే మేలు, తల్లివేరు నేరుగా లోతుకు దిగుతుంది. గింజల్ని వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, తొలి వాన తర్వాత గుంటకు మూడు చొప్పున వేయండి. కాయలు చలికాలంలో ఊరి పొలిమేరల్లో ఉచితంగా దొరుకుతాయి, మీ మాలిని అడగండి.